ఏడు రోజుల లోన్ యాప్ నేను వాడాను, మీరు వాడకండి

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో హమాలీని. మిర్చి సీజన్ అయిపోయి పని పల్చబడ్డ రోజుల్లోనే పాపకు డెంగీ వచ్చింది, చేతిలో పైసల్లేక ఫోన్‌లో కనిపించిన ఒక లోన్ యాప్‌లో 5,000 అడిగాను. పది నిమిషాల్లో వచ్చాయి, అది నిజమే. కానీ ఖాతాలో పడ్డది 3,250. మిగతాది ప్రాసెసింగ్ ఫీజట, ఏడో రోజుకు మాత్రం మొత్తం 5,000 కట్టాలి. అంటే వారానికి నూటికి దాదాపు 54 రూపాయల మిత్తి! మా వాడకు వచ్చి రోజూ వసూలు చేసుకునే గిరిగిరి అప్పుల వాళ్లు కూడా ఇంత గుంజరు.

ఆరో రోజు నుంచే ఫోన్లు, బూతులు. తర్వాత మా మేస్త్రీకి, అత్తమ్మకు, ఆఖరికి పాప టీచర్‌కు కూడా నా ఫొటో పెట్టి దొంగ అని మెసేజ్‌లు పంపారు. కాంటాక్ట్స్‌కు ఓకే నొక్కకపోతే ఆ యాప్ ముందుకే పోదు. 2022 నుంచి ఉన్న ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం లోన్ యాప్ మన కాంటాక్ట్స్, ఫొటోలు ముట్టుకోకూడదు, మొత్తం ఖర్చు ఏడాది వడ్డీ శాతంగా ముందే చూపాలి. ఇందులో అదేమీ లేదు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను.

చివరికి మా ఆవిడ మహిళా సంఘంలో నెలకు నూటికి రూపాయి మిత్తికి తెచ్చి బాకీ తీర్చింది. సంఘంలో అడగడానికి నామోషీ అని మొదట వద్దన్నది నేనే. వాళ్లు ఒక్క మాట అనలేదు, పాప ఎట్లుందని అడిగారు.