ఆనీ ఆననట్టు గీసే పెన్ను: ఆరేళ్ళు వాడాక

పెన్ ట్యాబ్లెట్ (కంప్యూటర్‌కు తగిలించి, మౌస్ బదులు పెన్నుతో గీసే పలక) కొనాలా వద్దా అని అడిగేవాళ్ళకు నేను ముందు చెప్పేది ఒకటే. డబ్బా మీద అంకెలు, బటన్లు, సైజులు అన్నీ పక్కన పెట్టండి. పెన్ను మొన పలకను ఆనీ ఆననట్టు తాకినప్పుడు తెర మీద ఏం పడుతుందో చూడండి. ఫోటో పనికి మనం డబ్బు పెట్టేది దానికే.

నేను తెనాలిలో ఇంట్లోనే కూర్చుని రీటచింగ్ చేస్తాను. చుట్టుపక్కల స్టూడియోల వాళ్ళు పెళ్ళి ఫోటోలు పంపుతారు. ముఖాలు సరిచేసి, 12x36 అంగుళాల ఆల్బమ్ షీట్లకు సిద్ధం చేసి ఇస్తాను. మధ్యమధ్యలో చినిగిపోయిన పాత ఫోటోలు కూడా వస్తుంటాయి. ఏడేళ్ళు మౌస్‌తోనే నెట్టుకొచ్చి, 2019 చివర్లో మీడియం సైజు ట్యాబ్లెట్ కొన్నాను. తెర ఉన్న రకం కాదు, నల్లటి పలకలాంటిది.

మొదటి రెండు వారాలు ఏడుపొచ్చింది. చెయ్యి బల్ల మీద, చూపు తెర మీద. ముగ్గు వేసేటప్పుడు చెయ్యి ఎక్కడుంటే కళ్ళూ అక్కడే ఉంటాయి, ఇక్కడ ఆ రెండూ విడిపోతాయి. పైగా ముగ్గులో వేళ్ళు సడలిస్తే గీత లావవుతుంది, ఇక్కడ నొక్కితే లావవుతుంది. చిన్నప్పటి నుంచీ వేళ్ళకున్న అలవాటు అడ్డం తిరిగింది. మళ్ళీ మౌస్ పట్టుకుంటానేమోనని దాన్ని తీసి బీరువాలో పెట్టేశాను. మూడో వారానికి చెయ్యి కుదిరింది. ఒక్క సెట్టింగ్ మాత్రం మొదటి రోజే చూసుకోండి. మానిటర్ ఆకారం, పలక ఆకారం ఒకే నిష్పత్తిలో లేకపోతే మీరు గుండ్రంగా తిప్పింది తెర మీద కోడిగుడ్డులా పడుతుంది. రెండింటినీ కలిపే టిక్ డ్రైవర్లో (ట్యాబ్లెట్‌ను నడిపే సాఫ్ట్‌వేర్లో) ఉంటుంది. అది తెలియక నేను వారం రోజులు నా చేతినే తిట్టుకున్నాను.

ఇక పెన్ను అసలు సుఖం గురించి. పెళ్ళికూతురి ముఖం మీద పని అంటే మచ్చలు తీయడమే అనుకుంటారు. మచ్చలకు మౌస్ చాలు. కష్టమంతా వెలుగునీడల్లో ఉంటుంది. రాత్రి ముహూర్తం, వీడియో లైట్ల వేడి, చెమట. బాసికం కింద నుదురు మెరుస్తుంటుంది, కళ్ళ కింద నీడ దిగుతుంది, పసుపు ఒక చెంపన ఎక్కువ, ఇంకో చెంపన తక్కువ. ఫోటోషాప్‌లో ఫోటో మీద 50 శాతం గ్రే నింపిన లేయర్ (విడి పొర) పరిచి, దాన్ని కింది ఫోటోతో కలిపే పద్ధతిని సాఫ్ట్ లైట్‌లో పెట్టి, తెల్ల బ్రష్‌తో నీడల్ని కొంచెం కొంచెం లేపాలి, నల్ల బ్రష్‌తో మెరుపుల్ని దించాలి. మౌస్‌కు నొక్కడం, వదలడం రెండే తెలుసు. ఫ్లో, అంటే బ్రష్ నుంచి రంగు ఎంత పడాలన్నది, 3 శాతం పెట్టినా గీత మొదట్లో ఎంత పడుతుందో చివరా అంతే పడుతుంది, చెంప మీద అతుకులు తేలతాయి. పెన్నుతో అయితే బ్రష్ సెట్టింగ్స్‌లో, ట్రాన్స్‌ఫర్ కింద, ఫ్లోను పెన్ ప్రెషర్‌కు కట్టేస్తే చాలు. గీత ఎక్కడ మొదలైందో తెలియదు, మధ్యలో నిండుతుంది, ఎక్కడ ఆగిందో కూడా తెలియదు.

మా మామయ్యగారు వెనకటి రోజుల్లో స్టూడియో నడిపారు. నెగటివ్‌ను కింద నుంచి వెలుగు పడే అద్దం పలక మీద పెట్టి, సన్నగా చెక్కిన పెన్సిల్‌తో రీటచింగ్ చేసేవారట. ప్రింటులో నల్లగా కనపడే ముడత నెగటివ్‌లో తేటగా ఉంటుంది. ఆ తేట చోటును పెన్సిల్‌తో పూడిస్తే, ప్రింటులో ముడత నలుపు తగ్గుతుంది. ఒక రోజు నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని చాలాసేపు చూశారు.

"అమ్మాయ్, చెయ్యి ఇంకా బరువుగా పెడుతున్నావు. మేం పెన్సిల్ ఆనీ ఆననట్టు పెట్టేవాళ్ళం. గీత కనపడిందంటే ఆ నెగటివ్ పాడయినట్టే."

"ఇక్కడ కనపడితే వెనక్కి తీసుకోవచ్చు మామయ్యగారూ."

"వెనక్కి తీసుకోవచ్చు కదా అనుకుంటే చెయ్యి ఎప్పటికీ తేలికపడదమ్మా."

అప్పటి నుంచి ఆ మాట పట్టుకుని సాధన చేశాను. ఆరు నెలల తర్వాత ఒక పాత ఫోటో వచ్చింది. ఒక పెద్దావిడ కనుబొమ మీదుగా, ముక్కుపుడక పక్క నుంచి చీలిక. ఆ కనుబొమను వెంట్రుక వెంట్రుకగా గీశాను. ఒక్కొక్కటి మొదట్లో కాస్త లావు, కొసకు వచ్చేసరికి సన్నం. మౌస్‌తో ఏడేళ్ళలో అలాంటి వెంట్రుక ఒక్కటి గీయలేకపోయాను.

2023 మాఘమాసంలో మూడు పెళ్ళిళ్ళ ఫోటోలు ఒకేసారి వచ్చిపడ్డాయి. ఒక రాత్రి పన్నెండు దాటాక పెన్ను బల్ల అంచు నుంచి దొర్లి, సరిగ్గా మొన కిందికి వచ్చేలా టైల్స్ మీద పడింది. తీసి చూశాను. ఎక్కడా పగులు లేదు. కర్సర్ కదులుతోంది. హమ్మయ్య అనుకుని పనిలో పడ్డాను.

అరగంట పాటు పెళ్ళికూతురి ఎడమ చెంప మీద పనిచేసి, జూమ్ తగ్గించి ఫోటో మొత్తం చూశాను. చెంప మీంచి బుట్టకమ్మ దాకా, అక్కణ్ణుంచి పూలజడ దాకా పల్చగా విభూతి పూసినట్టుంది. జడ మీద నేను బ్రష్ పెట్టనే లేదు. గుండె దడదడలాడింది. కొత్త లేయర్ వేసి, ఫ్లో వందకు పెంచి, పెన్నును పలకకు తాకనివ్వకుండా గాల్లో ఒక చుట్టు తిప్పాను. తెర మీద చుట్టు పడింది.

ఈ పెన్నులో బ్యాటరీ ఉండదు. పలక లోపలి తీగల అల్లిక నుంచే దానికి శక్తి అందుతుంది, అది ఎక్కడుందో ఆ అల్లికే కనిపెడుతుంది. అందుకే మొన తాకకముందే, కాస్త ఎత్తులో ఉండగానే కర్సర్ కదులుతుంది. ఎంత నొక్కుతున్నామో కొలిచేది మాత్రం పెన్ను లోపల, మొన వెనక ఉండే చిన్న భాగం. దెబ్బ దానికి తగిలింది. గాల్లో ఉన్నా కొంచెం నొక్కుతున్నట్టే చెబుతోంది. నేను వాడేది 3 శాతం ఫ్లో కాబట్టి ఒక్కో గీత కంటికి ఆనలేదు. చెయ్యి అటూ ఇటూ తిరిగినప్పుడల్లా పొర మీద పొర పేరుకుపోయింది. లేయర్ విడిగా ఉండబట్టి ఫోటో బతికింది. అరగంట పని పోయింది.

మొన లాగి కొత్తది వేశాను, అదే తీరు. చివరికి డ్రైవర్లో టిప్ ఫీల్‌ను (మొనను ఎంత నొక్కితే గీత పడాలో చెప్పే సెట్టింగ్‌ను) బాగా గట్టి వైపుకు జరిపితే గాలిగీతలు ఆగాయి. కానీ దాంతోపాటు ఆ తేలిక స్పర్శ కూడా పోయింది. వేలు తెల్లబడేలా నొక్కితేనే ఏదైనా పడుతుంది. సర్వీసు నంబరుకు ఫోన్ చేస్తే ఆ మోడల్ పెన్ను స్టాకు లేదన్నారు. వచ్చేసరికి మూడు వారాలు పట్టింది, ధర ట్యాబ్లెట్ కొన్న ధరలో దాదాపు మూడో వంతు. నా కోపం ఇక్కడే. ఈ వస్తువుకు ప్రాణమే పెన్ను అయినప్పుడు, దాన్ని ఎక్కడో మూల దొరికే విడిభాగంలా ఎందుకు చూస్తారు? ఆ మూడు వారాలూ నా దగ్గరున్నది ఖరీదైన మౌస్, అంతే. మూడు ఆల్బమ్‌లూ గడువుకే ఇచ్చాను, స్టూడియో వాళ్ళు ఏమీ అనలేదు. కానీ ఆ చెంపలు ఇప్పుడు చూసినా ఏవి గట్టి పెన్నుతో చేసినవో నాకు తెలిసిపోతుంది.

కొత్త పెన్ను వచ్చిన రోజు మామయ్యగారు తన పెన్సిళ్ళు దాచుకున్న రేకు డబ్బా ఖాళీ చేసి ఇచ్చారు. "పెన్సిల్ మొన విరిగితే చెక్కుకుంటాం, దీన్ని చెక్కుకోలేవు కదమ్మా" అన్నారు. పని ఆపితే పెన్ను ఆ డబ్బాలోకే వెళుతోంది.

కొన్న మొదటి ఏడాది నేను అందరికీ చెప్పిన మాటలు రెండు మూడు ఇప్పుడు సవరించుకోవాలి. మణికట్టు నొప్పి మాయమైందని చెప్పేదాన్ని. మణికట్టుది నిజంగానే పోయింది, కానీ సీజన్‌లో ఆరు గంటలు దాటితే ఇప్పుడు బొటనవేలి మొదట్లో లాగుతోంది. మౌస్ ఇక అక్కర్లేదన్నాను. స్లైడర్లు జరపడానికి, షీట్ల మీద ఫోటోలు సర్దడానికి మౌస్ బీరువాలోంచి బయటికి వచ్చింది. పెన్నుతో స్లైడర్‌ను సరిగ్గా ఒక అంకె దగ్గర ఆపినా, మొన ఎత్తేటప్పుడు ఒకటి రెండు అంకెలు జారిపోతుంది. మొనలు ఏళ్ళ తరబడి వస్తాయన్నాను. నా వాడకంలో నాలుగైదు నెలలకు ఒకటి అరిగి, ఒకవైపు ఏటవాలుగా పదునెక్కుతోంది. ఆ పదును పలకను గీరకముందే మార్చేయాలి. ప్రెషర్ లెవెల్స్, అంటే నొక్కుడును పెన్ను ఎన్ని మెట్లుగా కొలుస్తుందన్నది, 4096 అయినా 8192 అయినా నేను చేసే పనిలో నాకు తేడా తెలియలేదు. ఎంత తక్కువ ఒత్తిడికి గీత మొదలవుతుందన్నదే నాకు ముఖ్యం.

రోజుకు నాలుగైదు గంటలు ముఖాల మీదే కూర్చునేదాన్ని కాబట్టి నేనైతే మళ్ళీ ఇదే కొంటాను, ఈసారి రెండో పెన్ను కూడా అదే రోజు తీసుకుంటాను. మీ పని ఎక్కువగా రంగులు సరిచేయడం, క్రాప్ చేయడం, వందల ఫోటోలకు ఒకే సెట్టింగ్ వేయడం అయితే తొందరపడకండి. తెలిసినవాళ్ళ దగ్గర ఉంటే రెండు వారాలు అడిగి తెచ్చుకోండి. రెండు రోజులు చాలవు. ఆ రెండు రోజులకే అయితే నేనూ తిరిగి ఇచ్చేసేదాన్ని.