పిల్లాడి నోరు మూయించడానికి ఏది మేలు: క్లిప్పా, కసరత్తా, ఆపరేషనా?

మావాడికి ఏడేళ్లు. పొద్దున లేచేసరికి దిండు మీద సొల్లు మరక, ఎండిపోయిన పెదాలు. రాత్రి నోరు తెరుచుకునే పడుకుంటాడు, సన్నగా గురక కూడా. పగలు టీవీ ముందు కూర్చున్నా అదే నోరు. "నోట్లె ఈగలు పోతయి బిడ్డా, మూస్కో" అని మా అత్తమ్మ నవ్వేది. కొత్త పళ్లు వచ్చాక ఆ నవ్వు పోయింది. పై పళ్లు ముందుకొచ్చాయి. దవడ పళ్లు కరిచి పట్టినా ముందు పళ్ల మధ్య పెన్సిల్ దూరేంత సందు. గుటక వేసినప్పుడల్లా ఆ సందులోంచి నాలుక బయటికి తొంగి చూస్తుంది.

హనుమకొండలో ఒక పళ్ల క్లినిక్‌కి తీసుకెళ్తే అంగిలికి తీగల క్లిప్పు వేద్దామన్నారు. చెవి ముక్కు గొంతు డాక్టరు ముక్కు వెనక ఉండే కండ, అడినాయిడ్స్ అంటారు, అది పెరిగిందని చెప్పి, అవసరమైతే ఆపరేషన్ అన్నారు. స్పీచ్ థెరపీ చేసే ఒకావిడ, నాలుకకీ పెదాలకీ కసరత్తు నేర్పిస్తానంది. దాన్నే మయోఫంక్షనల్ థెరపీ అంటారట. మా వదిన ఫోన్లో వీడియో చూసి, రాత్రిపూట నోటికి టేపు అంటించమంది. ఏడాది తిరిగాం. నాకు అర్థమైనది రాస్తున్నాను.

టేపు సంగతి ముందే తేల్చేస్తాను. పిల్లలకి వద్దు. ముక్కు మూసుకుపోయిన పిల్లాడికి నోరే దిక్కు. అర్ధరాత్రి వాంతి వస్తే ఏం గతి? వదినతో ఈ మాట మీద రెండు రోజులు మాటల్లేవు, అయినా సరే.

మిగతా మూడూ ఒకదానికొకటి పోటీ అనుకోవడమే మేం చేసిన తప్పు. మొదట కసరత్తుతో మొదలుపెట్టాం, ఖర్చు తక్కువని. పది నిమిషాలు పెదాలు మూసుకుని కూర్చోమంటే రెండో నిమిషానికే మావాడి మొహం ఎర్రబడేది. మొండికేస్తున్నాడని తిట్టాను కూడా. ఒకరోజు ఆ స్పీచ్ థెరపీ ఆవిడే చల్లటి స్టీలు ప్లేటు వాడి ముక్కు కింద పెట్టి ఊపిరి వదలమంది. ఒక్కవైపే ఆవిరి పట్టింది, అదీ రూపాయి బిళ్లంత. "ముందు ముక్కు చూపించుకోండి, తర్వాత నా దగ్గరికి రండి" అని పంపించేసింది. ఆ ఒక్క మాటకే ఆవిడ మీద నాకు నమ్మకం కుదిరింది.

ముక్కు గాలిని వెచ్చబరుస్తుంది, తడి చేస్తుంది, దుమ్ముని పట్టి ఆపుతుంది. నోటికి ఆ పనులు రావు. పైగా నోరు తెరిచి ఉంటే నాలుక కిందికి జారి పడి ఉంటుంది. అంగిలికి ఆని ఉండాల్సిన నాలుక అక్కడ లేకపోతే బుగ్గల ఒత్తిడికి పై దవడ ఇరుకవుతుంది. మా ఇల్లు ఎనుమాముల దారిలో. మిర్చి సీజన్లో మార్కెట్ వైపు పోతే పెద్దవాళ్లకే తుమ్ములు ఆగవు, ఇక వీడికి ఏడాది పొడుగునా జలుబే. డాక్టరు ముక్కులోకి స్ప్రే రాసిచ్చారు, ఉప్పునీటితో ముక్కు కడగమన్నారు. మూడు నెలలు చూద్దామన్నారు.

ఆపరేషన్ వెంటనే చేయించాలా, ఆగాలా అన్నది మాకు పెద్ద టెన్షన్. అమెరికాలో 5 నుంచి 9 ఏళ్ల పిల్లలు 464 మందితో చేసిన పరిశోధన 2013లో వచ్చింది. అందరికీ నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉంది. ఏడు నెలల తర్వాత నిద్ర పరీక్ష చేస్తే టాన్సిల్స్, అడినాయిడ్స్ తీయించుకున్నవాళ్లలో 79 శాతం మందికి మామూలైంది. తీయించకుండా ఆగినవాళ్లలోనూ 46 శాతం మందికి దానంతటదే సర్దుకుంది. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుంటే ఆపరేషన్‌దే పైచేయి, కానీ ఆగడం పిచ్చితనం కాదు. అయితే పిల్లాడు నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడుతుంటే, గాలి కోసం గింజుకుంటుంటే ఈ లెక్కలేవీ వద్దు, నేరుగా డాక్టరు దగ్గరికే. మావాడికి అంత లేదు. స్ప్రేతోనే రెండో నెలకి ప్లేటు మీద రెండువైపులా ఆవిరి పట్టింది.

కసరత్తు అసలు అప్పుడు మొదలైంది. "న అనబోయి ఆగు" అంది ఆవిడ. న అనడానికి నాలుక కొస పై పళ్ల వెనక ఎక్కడ ఆనుతుందో, ఖాళీగా ఉన్నప్పుడు నాలుక ఉండాల్సిన చోటు అదే. పళ్లకి తగలకూడదు. ఇంగ్లిష్ బొమ్మల పుస్తకం చూపిస్తే మావాడికి అర్థం కాని సంగతి ఒక్క అక్షరంతో అర్థమైంది. తర్వాత నాలుక మొత్తం అంగిలికి అతికించి గుర్రం డెక్కల చప్పుడు. ఆ తర్వాత గుండీ ఆట: పెద్ద గుండీకి గట్టి దారం కట్టి, పళ్లకీ పెదాలకీ మధ్య పెట్టి, దారం నేను లాగాలి, వాడు పెదాలతో వదలకూడదు. ఇది పెద్దవాళ్ల ఎదురుగానే ఆడాలి, గుండీ మింగితే కొత్త తలనొప్పి. అన్నిటికన్నా కష్టం గుటక. కొంచెం నీళ్లు నోట్లో పోసుకుని, దవడ పళ్లు కరిచి, పెదాలు తెరిచి నవ్వుతూ మింగాలి. నాలుక ముందుకి తోస్తే నీళ్లన్నీ చొక్కా మీదే. మొదటి వారం రోజుకి మూడు చొక్కాలు మార్చాను.

ఈ కసరత్తుని ఊరికే పొగడను. 2015లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలు కలిపి చూస్తే, నిద్రలో ఊపిరి ఆగడం పెద్దవాళ్లలో సగానికి సగం, పిల్లల్లో 62 శాతం తగ్గినట్టు తేలింది. 62 వినడానికి గొప్పే, కానీ ఆ లెక్కలో పిల్లలు 25 మందే. బ్రెజిల్‌లో 2009 నాటి పరిశోధన పెద్దవాళ్ల మీద: మూడు నెలల కసరత్తుతో, గంటకి సుమారు 22 సార్లు ఊపిరికి అడ్డు పడేది 14కి దిగింది. ఇది చదివాక మా ఆయన్నీ గుర్రం చప్పుడు చేయమన్నాను. మూడు రోజులు చేశాడు.

అదే దీని అసలు లోపం. రోజూ ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి, నెలల తరబడి. ఇద్దరూ ఉద్యోగాలకి పోయి, పిల్లాణ్ణి చూసేవాళ్లు లేని ఇంట్లో ఇది కాగితం మీదే ఉండిపోతుంది.

క్లిప్పుకి ఆ బాధ లేదు. దవడ పళ్లకి అతికించేస్తారు, ముందు పళ్ల వెనక తీగల కంచెలా ఉంటుంది. మా ఆడపడుచు కూతురు తొమ్మిదేళ్లకీ వేలు చీకేది. వేపాకు పసరు, కాకర రసం రాశారు, పిల్ల కడుక్కుని మళ్లీ చీకింది. నిద్రలో నోట్లోకి పోయే వేలికి చేదు ఏం తెలుస్తుంది? క్లిప్పు వేయించాక వేలు పెడితే మజా లేక మానేసింది. మొదటి పది రోజులు అన్నం తినడానికి ఏడ్చింది, స అంటే ష వచ్చేది. నాలుగేళ్లలోపు పిల్లలు వేలు చీకితే ఊరుకోవచ్చు, చాలామంది వాళ్లంతట వాళ్లే మానేస్తారు. ఆరేళ్లు దాటి, శాశ్వత పళ్లు వస్తున్నా మానకపోతే నేను క్లిప్పుకే ఓటేస్తాను. నాలుక తోసే అలవాటుకైతే వేయను. కంచె తీసేశాక నాలుక మళ్లీ పాత దారి పట్టే ప్రమాదం ఉంది, దానికి కొత్త దారి ఎవరూ నేర్పలేదు కదా.

కసరత్తు అసలుగా మొదలై ఇప్పటికి ఎనిమిది నెలలు. దిండు పొడిగా ఉంటోంది. టీవీ చూసేటప్పుడు మాత్రం నోరు ఇంకా తెరుచుకుంటుంది, అత్తమ్మ "న" అని అరుస్తుంది, వాడు టక్కున మూస్తాడు. పళ్ల సందులో పెన్సిల్ దూరడం లేదు, పెన్ను రీఫిల్ దూరుతోంది. మిగతా పళ్లన్నీ వచ్చాక వరస సరిచేసే క్లిప్పులు ఎలాగూ తప్పవన్నారు డాక్టరు.