కార్-టి: సొంత కణాలా, డోనర్ కణాలా, ఏది మేలు?

మా అనంతపురం పక్క బ్లడ్ క్యాన్సర్ తిరగబెట్టిందంటే చానామంది బెంగళూరు బస్సెక్కుతారు, కొందరు కర్నూలుకో హైదరాబాద్‌కో పోతారు. అక్కడ డాక్టర్ కార్-టి అంటాడు, అంటే జబ్బులతో పోరాడే టి కణాలనే తెల్లకణాల్ని మార్చి క్యాన్సర్ మీదికి వదిలే వైద్యం, ఇంటికొచ్చి యూట్యూబ్ చూస్తే డోనర్ కణాలతో రెడీగా దొరికేది ఇంకోటి ఉందంటారు, ఇంక మొదలు, "ఏది మంచిదన్నా?" అని.

నన్నడిగితే ఈరోజుకి సొంత కణాలే.

దీంట్లో రెండు సూదులు పెట్టి మెషిన్‌కి కలుపుతారు, ఒక పక్క రక్తం పోతావుంటే తెల్లకణాలు పట్టుకుని మిగతాది ఇంకో పక్క నుంచి ఒంట్లోకే పంపిస్తుంటారు, కొన్ని గంటలు కదలకుండా పడుకోవాల. ఆ టి కణాలకు క్యాన్సర్‌ని గుర్తుపట్టే జీన్ ఎక్కించి, పెంచి, టెస్టులు చేసి తిరిగిచ్చేసరికి వారాలు పడుతుంది. జబ్బు అంతదాకా ఆగాలి కదా! పైగా కీమోలు పడి పడి ఉన్న మనిషి టి కణాలు ఒక్కోసారి సరిగ్గా పెరగనే పెరగవు.

డోనర్ రకంలో ఆ తిప్పలు లేవు. ఆరోగ్యంగా ఉన్నోళ్ల దగ్గర తీసి ముందే తయారుచేసి ఫ్రీజర్‌లో పెడతారు, ఓ నెగెటివ్ రక్తం మాదిరి ఎవరికైనా ఎక్కించాలని ఆశ. కానీ గొడవ రెండు పక్కలా ఉంది. డోనర్ టి కణం పేషెంట్ చర్మం, పేగులు, లివర్ పరాయివి అనుకుని మీద పడుతుంది, పేషెంట్ ఒళ్లేమో దాన్ని పరాయిదని చంపుతుంది. మొదటిదానికి దారి దొరికింది, పరాయిదాన్ని పసిగట్టే టి కణం రిసెప్టర్‌ని జీన్ ఎడిటింగ్‌తో తీసేస్తారు, తప్పించుకున్న కణాల్ని అయస్కాంతపు పూసలతో ఏరేస్తారు. రెండోదే మొండిది. కణం మీద గుర్తింపు గుర్తు నిలబడాలంటే కావాల్సిన బీ2ఎం జీన్ తీసేస్తే పేషెంట్ టి కణాలు దాన్ని గుర్తుపట్టవు సరే, కానీ ఉండాల్సిన గుర్తు లేదేందబ్బా అని ఎన్‌కే కణాలనే ఇంకో రకం తెల్లకణాలు వచ్చి లేపేస్తాయి, అందుకని వాటిని ఆపే హెచ్‌ఎల్‌ఏ-ఈ అనే గుర్తు తగిలించి చూస్తున్నారు.

అయినా పనికిరాదని కాదు. 2015లో లండన్ గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆస్పత్రిలో ఏడాది పాపకు సొంత కణాలు తీయడానికే సరిపడా లేకపోతే డోనర్ కణాలు ఒక్క మిల్లీలీటరు ఎక్కించారు, జబ్బు తగ్గింది, తర్వాత బోన్ మ్యారో మార్పిడి చేశారు. అట్లాంటి కేసుల్లో డోనరే గతి.

బొడ్డుతాడు రక్తం నుంచి తీసిన ఎన్‌కే కణాలకు క్యాన్సర్‌ని గుర్తుపట్టే జీన్ ఎక్కించి వాడటం మూడో దారి. అమెరికాలో ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ ఆస్పత్రి వాళ్లు 2020లో చూపించిన ట్రయల్‌లో 11 మందిలో 8 మందికి పనిచేసింది, డోనర్ కణాలు ఒంటి మీద తిరగబడిన కేసు ఒక్కటీ లేదు. 11 మందే కదా అని నాకైతే ఇంకా అనుమానమే.

ఒంట్లో ఎక్కువ కాలం నిలబడే విషయంలో సొంత కణాల ముందు ఎవరూ ఆగరు, 2010లో ఎక్కించుకున్న ఒకాయన ఒంట్లో పదేళ్ల తర్వాత కూడా ఆ కణాలు కనిపించాయి. డోనర్ కణాలు సాధారణంగా అన్నాళ్లు ఉండవు.

డబ్బు సంగతి: అమెరికాలో సొంత కణాల మందే 3 కోట్ల పైన. మన ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి చేసిన సొంత కణాల కార్-టి నెక్స్‌కార్19కి 2023లో అనుమతొచ్చింది, దాని ధర సుమారు పదో వంతు. అదీ మనకు మోయలేని బరువే అనుకో. ఒక డోనర్‌తో చానా డోసులు చేస్తే ఇంకా తగ్గాలి, కానీ డోనర్ కార్-టి ఇంకా ట్రయల్స్‌లోనే ఉంది.

లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) తిరగబెట్టినోళ్లు బెండాముస్టిన్ అనే కీమో మందు ఎక్కించుకునే ముందే కార్-టి గురించి డాక్టర్‌ని అడగండప్పా, అది పడినాక తీసిన టి కణాలు సరిగ్గా పనిచేయకపోవచ్చు.