స్టేషన్ పక్కనా, ఇళ్ల మధ్యనా?
కొత్త ఊళ్లో అర్ధరాత్రి దిగేవాళ్లకు స్టేషన్ పక్క హోటలే సుఖం, సామాను మోసుకుంటూ వెతుక్కోనక్కర్లేదు. కానీ మోసగాళ్లు కాచుకుని ఉండేదీ అక్కడే. "మీ హోటల్ మూసేశారు, ఇంకోచోటికి తీసుకెళ్తా" అనే డ్రైవరుకు ఆ ఇంకోచోటి నుంచి కమిషన్ ముడుతుంది. వెంటనే హోటల్‌కు ఫోన్ చేయండి. అతనిచ్చిన నంబరుకు కాదు, మీ బుకింగ్‌లో ఉన్నదానికి.

కుటుంబాలుండే వీధుల్లో ఇలా వెంటపడేవాళ్లు తక్కువ. చీకటిపడ్డాక కూడా పిల్లలు, పెద్దవాళ్లు తిరిగే వీధి అంటే నాకు ధైర్యం. అయితే చివరి బస్సు ఎప్పుడో, స్టాపు నుంచి గది దాకా లైట్లున్నాయో లేదో ముందే చూసుకోవాలి. ఒంటరిగా వెళ్లిన ఆడవాళ్లు ఈమధ్య రాసిన రివ్యూలు తప్పక చదవండి.

రెండు రాత్రులు మించి ఉండేట్టయితే నా ఓటు ఇళ్ల మధ్య గదికే.