లోహం పట్టిన సిట్రేట్: సిట్‌ఎం దారా, ఫెక్ దారా?

బాసిల్లస్ సబ్టిలిస్ అనే మట్టి బాక్టీరియా లోహంతో ముడిపడిన సిట్రేట్‌ను (నిమ్మ ఉప్పు రూపం) సిట్‌ఎం (CitM) అనే మోసే ప్రోటీన్‌తో లాక్కుంటుంది. పేగుల్లో ఉండే ఈ. కొలై బాక్టీరియా ఫెక్ (Fec) అనే ప్రోటీన్ల వ్యవస్థను వాడుతుంది. పని ఒకటేలా ఉంటుంది గానీ, కావలసిన సరుకే వేరు.

దేనికి: సిట్‌ఎం తెచ్చేది తిండి, అంటే సిట్రేట్, మెగ్నీషియం దానికి తోడు. ఫెక్‌కి ఇనుమే కావాలి. ఈ. కొలై కణానికి పొరలు రెండు; సిట్రేట్ లోపలి పొర దాటదు.

శ్రమ: సిట్‌ఎం ఒక్క ప్రోటీన్, దాటేదీ ఒక్క పొరే. ఫెక్‌ది పెద్ద బలగం: బయటి పొరలో ఫెక్‌ఏ, మధ్యలో అందుకునే ఫెక్‌బీ, లోపలి పొరలో ఫెక్‌సీ, ఫెక్‌డీ, వాటికి ఏటీపీ (కణంలో శక్తినిచ్చే అణువు) ఖర్చుపెట్టే ఫెక్‌ఈ. ఫెక్‌ఏ తెరుచుకోవాలంటే లోపలి పొర నుంచి శక్తి అందించే టాన్‌బీ అనే ప్రోటీన్ సాయం కావాలి.

ఖర్చు: సిట్‌ఎంకి పొరకు అటూ ఇటూ ఉండే ప్రోటాన్ల తేడా చాలు. ఫెక్‌కి అదీ కావాలి, ఏటీపీ కూడా.

ముప్పు: సిట్‌ఎంకి చిక్కు ఇక్కడే. నికెల్, కోబాల్ట్, జింక్ పట్టిన సిట్రేట్‌నూ మోసుకొస్తుంది. తిండితో పాటు విషం. (కాల్షియం మాత్రం దానికి పడదు, అది సిట్‌హెచ్ అనే మరో మోసే ప్రోటీన్ వంతు.) ఫెక్‌కి మాత్రం అదుపు ఉంది: ఇనుము సరిపడా ఉంటే ఫర్ ప్రోటీన్ ఫెక్ జన్యువులను ఆపేస్తుంది.

గ్లూకోజ్ లేక, సిట్రేట్, మెగ్నీషియం దండిగా ఉన్నచోట సిట్‌ఎం నయం. ఇనుముకు కటకటగా ఉంటే ఖరీదైనా ఫెక్కే.