డెబియన్ మీద ఐ3: పాత ల్యాప్‌టాప్‌కి హాయి, తెలుగుకి కాస్త పని

విశాఖ ద్వారకానగర్‌లో సెకండ్‌హ్యాండ్‌కి కొన్న 4 జీబీ ల్యాప్‌టాప్‌లో విండోస్ ఈడ్చుకుంటూ నడుస్తోందా? లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ 12, దాని మీద ఐ3 విండో మేనేజర్ (విండోలను కీబోర్డుతో పక్కపక్కన సర్దే తేలికపాటి ప్రోగ్రాం) వేసి చూడండి. పైసా ఖర్చు లేదు. నెట్‌ఇన్‌స్ట్ ఇమేజ్‌ని (మిగతాది నెట్ నుంచి దించుకునే చిన్న ఇన్‌స్టాలర్ ఫైలు) పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, సాఫ్ట్‌వేర్ ఎంపిక దగ్గర డెస్క్‌టాప్ టిక్కులన్నీ తీసేయండి. తర్వాత ఆప్ట్‌తో (ప్యాకేజీలు దించే కమాండ్) ఎక్స్‌ఆర్గ్ (తెర మీద బొమ్మ చూపేది), ఐ3, లైట్‌డీఎం (లాగిన్ తెర), నెట్‌వర్క్ మేనేజర్ వేస్తే చాలు.

అసలు తంటా వైఫైతోనే. ఇన్‌స్టాల్ వైఫై మీద చేస్తే, ఆ కార్డు పేరు ఈటీసీ ఫోల్డర్ లోపలి నెట్‌వర్క్ ఫోల్డర్‌లో ఉన్న ఇంటర్‌ఫేసెస్ ఫైల్లో ఉండిపోతుంది. అక్కడ పేరున్న కార్డుని నెట్‌వర్క్ మేనేజర్ ముట్టుకోదు, ‘అన్‌మేనేజ్‌డ్’ అని చూపించి ఊరుకుంటుంది. ఆ లైన్ల ముందు హాష్ గుర్తు పెట్టి రీబూట్ చేస్తే దారికొస్తుంది.

తెలుగు అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే ఫాంట్స్-తెలు ప్యాకేజీ వేయండి. టైపింగుకి ఐబస్-ఎం17ఎన్ (టైపింగ్ ప్రోగ్రాం ఐబస్‌కి తెలుగు లాంటి భాషల లేఅవుట్లు ఇచ్చేది). ఐబస్ తనంతట లేవకపోతే ఐ3 కాన్ఫిగ్‌లో, అంటే దాని సెట్టింగుల ఫైల్లో, ఎగ్జెక్ లైను (ఐ3 మొదలవగానే ప్రోగ్రాంని నడిపేది) రాయాలి. ఐ3ని రీస్టార్ట్ చేసే మాడ్+షిఫ్ట్+ఆర్ (మాడ్ అంటే మీరు ఎంచుకున్న ఆల్ట్ లేదా విండోస్ మీట) కొట్టి ‘పని చేయట్లేదే’ అనుకోకండి, రీస్టార్ట్‌లో ఎగ్జెక్ మళ్లీ నడవదు. లాగౌట్ అవ్వాలి, లేదా ఎగ్జెక్_ఆల్వేస్ రాయాలి.

బ్రైట్‌నెస్ మీటలకి బ్రైట్‌నెస్‌సీటీఎల్ ప్యాకేజీ వేసి, ఐ3 కాన్ఫిగ్‌లో రెండు బైండ్‌సిమ్ లైన్లు (మీటకి పని అప్పగించేవి) రాసుకోవాలి. మౌస్ వదల్లేనివాళ్లకి మాత్రం ఇది నచ్చదు, ఎక్స్ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ నయం.

వానాకాలం కరెంటు కోతల్లో ఒక్క జాగ్రత్త: కింది బార్‌లో బ్యాటరీ శాతం కనిపిస్తుంది గానీ, అయిపోవస్తోందని ఐ3 తెర మీద సందేశం వేసి హెచ్చరించదు.