కువైట్ జీతం చూపిస్తే 38 లక్షలు ఇస్తామన్న హోం లోన్ కంపెనీ, నా అనుభవం

కడపలో రిమ్స్ రోడ్డు వైపు ఒక డబుల్ బెడ్రూమ్ ఫ్లాటు 42 లక్షలకు మాట్లాడుకుని, లోను కోసం ఒక ప్రైవేటు హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీకి పోయాను. పేరు రాయను గానీ, లోన్ల కోసం తిరుగుతున్నవాళ్లకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు చెబుతున్నా. ఐదుకు రెండు ఇస్తా. ఆ రెండూ వేగానికి. ఇంటికొచ్చి కాగితాలు తీసుకుపోయారు, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల కాగితాలు) వాళ్లే చూసుకున్నారు, నాలుగో రోజుకే ఫోన్ చేశారు.

నా జీతం 52 వేలు, దానికి 28 లక్షలకు మించి రాదన్నారు. సరే అనుకుని లేవబోతుంటే కంపెనీ తరఫున మాట్లాడుతున్న అబ్బాయి కుర్చీ దగ్గరికి లాక్కుని, "అన్నా, మీ తమ్ముడు కువైట్‌లో ఉన్నాడు కదా, ఆయన్ను కో-అప్లికెంట్‌గా పెడితే 38 చేయిస్తా" అన్నాడు. లోను 30 లక్షలు దాటితే ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదని రిజర్వ్ బ్యాంకు రూలు, 42 లక్షలకు అది 33 లక్షల 60 వేలే అవుతుంది. ఆ మాటే అడిగాను. క్యాలిక్యులేటర్‌లో 48 లక్షలు కొట్టి, 80 శాతం తీసి నా వైపు తిప్పాడు: 38,40,000. వాల్యుయేషన్ 48 అని రాయిస్తే సరిపోతుందట!

ఆ పెంచిన ఆరు లక్షలు కాగితం మీదే ఉంటాయి, అప్పు మాత్రం నిజంగా నా నెత్తిన ఉంటుంది. రేపు కట్టలేక అమ్ముకోవాల్సి వస్తే 42కు కొనేవాడు కూడా దొరక్కపోవచ్చు. పైగా మొదటి ఏళ్లలో అసలు తగ్గదు. 28 లక్షలకే 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు కంతు 24,300 వస్తుంది, మొదటి నెల అందులో 19,833 వడ్డీకే పోతుంది.

కడప, రాయచోటి, రాజంపేట వైపు కువైట్ డబ్బుతో లేచిన ఇళ్లు వీధివీధినా కనిపిస్తాయి. ఎన్నారైలు ఇల్లు కొనొచ్చు, వ్యవసాయ భూమి కొనకూడదు, అందుకే ఆ డబ్బు టౌన్‌లో ఇళ్ల మీదికి వస్తోందని నా అభిప్రాయం, ఇక్కడి జీతాలవాళ్లకు ధరలు అందడం లేదు. వాళ్లను తప్పుపట్టను, ఎండలో ఒళ్లు హూనం చేసుకుని సంపాదించింది అది. కానీ ఆ జీతం అకామా, అంటే అక్కడ ఉండేందుకు ఇచ్చే పర్మిట్, ఉన్నంతవరకే. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్ మీద పడినప్పుడు మా మేనమామ కట్టుబట్టలతో తిరిగొచ్చాడు. తమ్ముడి మూడు నెలల జీతం స్లిప్పులు అడిగిన కంపెనీ అకామా ఎప్పటిదాకా ఉందని ఒక్కసారి కూడా అడగలేదు. వాడి ఉద్యోగం పోతే 38 లక్షల కంతు ఎవరు కట్టాలి?

ఇంకోటి. బ్యాంకుల్లో ఫ్లోటింగ్ హోం లోన్లు 2019 అక్టోబరు నుంచి రెపో (రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రేటు) లాంటి బయటి రేటుకు ముడిపడి ఉంటాయి, ఈ కంపెనీలకు ఆ నిబంధన లేదు, వాళ్ల రేటు వాళ్లదే. 2025లో ఫిబ్రవరి నుంచి జూన్ లోపు రెపో 6.5 నుంచి 5.5కు తగ్గింది కదా, మీ రేటు ఎప్పుడు తగ్గుతుందంటే "రివ్యూ అయ్యాక" అన్నారు, తేదీ చెప్పలేదు. నన్ను అడక్కుండానే 68 వేల ఇన్సూరెన్స్ కూడా లోనులో కలిపేశారు. కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్, అంటే లోను వడ్డీ, ఫీజులు, ఖర్చులన్నీ ఒకచోట రాసిన కాగితం, ఇవ్వమని గట్టిగా అడిగితే అందులో బయటపడింది. 2024 అక్టోబరు నుంచి అది ఇవ్వడం తప్పనిసరి, సంతకం పెట్టేముందు అడిగి తీసుకోండి.

చివరికి ఎర్రముక్కపల్లిలో 33 లక్షలకు పాత ఫ్లాటు చూసుకుని, ప్రభుత్వ బ్యాంకులో నా జీతం మీదే 28 లక్షలు తీసుకున్నా. మూడు వారాలు తిప్పారు, రిజిస్ట్రేషన్‌కు ఏడున్నర శాతం, అంటే దాదాపు రెండున్నర లక్షలు చేతి నుంచి పెట్టుకోవాల్సి వచ్చింది, ఇంట్లో బంగారం కుదువ పెట్టాం. మొదటి కంపెనీకి కట్టిన లాగిన్ ఫీజు (దరఖాస్తు ఫీజు) 5,900 మాత్రం వెనక్కి రాలేదు. రెండుసార్లు రాసిచ్చాను, ఇంకా జవాబు లేదు.